కలుపుకునేదా, నంజుకునేదా?

నేను మొదటిసారి కువైట్ వచ్చినప్పుడు అమ్మ పెట్టిన ఆవకాయ కూడా నాతోపాటే వచ్చింది. కాకపోతే సీసాలో రాలేదు, నా చొక్కాల్లో వచ్చింది. మూత చుట్టూ ప్లాస్టరు, దానిమీద పాలిథిన్ సంచి, ఆపైన పాత లుంగీ. ఇంత కట్టుదిట్టం చేసినా నూనె తన దారి తను చూసుకుంది. ఫర్వానియాలో గదికి చేరి పెట్టె తెరిస్తే, ఉద్యోగంలో చేరే రోజుకని కుట్టించుకున్న తెల్లచొక్కా మీద ఒక టెంక ముక్క హాయిగా పడుకుని ఉంది. గదిలో పెద్దాయన రాజంపేట అన్న. ఆ చొక్కా అందుకుని వాసన చూసి, "ఉతకొద్దు అబ్బీ, ఈ పూటకి ఇదే కూర" అన్నాడు.

కువైట్‌లో తెలుగువాళ్ల గదంటే చాలావరకు సగం కడప, సగం గోదావరి. మా గదిలో మాత్రం కడపవైపు వాళ్లే ఎక్కువ: ఇద్దరు రాజంపేట, ఒకరు రాయచోటి, గోదావరి వైపు రాజోలు నుంచి నేనొక్కణ్ణే. చొక్కాల మీంచి గీకి పోగేసిన ఆవకాయ నలుగురికీ రెండు వారాలు వచ్చింది. ఆ తర్వాత కరువు.

కరువు తీరుద్దామని ఒక శుక్రవారం జమియాకి వెళ్లాను. జమియా అంటే పేటపేటకీ ఉండే సహకార సంఘం వాళ్ల దుకాణం. 1962లో కైఫాన్ పేటలో మొదటిది పెట్టారు. సభ్యులు ఆ పేట కువైటీలు, సరుకులు కొనేది అందరమూ. ఊరగాయల అరలో ఒక సీసా మీద ఇంగ్లీషులో 'స్వీట్ పికిల్ రెలిష్' అని ఉంది. డిగ్రీ చదివినవాణ్ణి కదా, పికిల్ అన్న మాట కనపడగానే ముందున్న స్వీట్‌ని లెక్కచెయ్యలేదు. పైగా గాజులోంచి ఆవాలు కనిపించాయి. ఆవాలున్నాక మనవాళ్లదే అనుకుని ఒకటింపావు దీనారు పోసి కొన్నాను.

రాత్రి పొగలు కక్కే అన్నంలో రెండు గరిటెలు వేసి, నూనె చుక్క తగిలించి, ఐదు వేళ్లతో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దగ్గుమందులో దోసకాయ తరిగినట్టుంది. నా మొహం చూసి రాయచోటి భాయ్ తన కంచం పక్కకి జరుపుకున్నాడు.

"ఏం కాదులే, తాలింపు పెడదాం" అన్నాడు రాజంపేట అన్న. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, ఇంగువ, పైన రెండు చెంచాల కారం. దగ్గుమందుకి తాలింపు పెడితే తాలింపు పెట్టిన దగ్గుమందే అవుతుందని ఆ రాత్రి తెలిసింది. నాకు 'తీపి ఊరగాయ' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ ఇక్కడ మనవాళ్లుండే అబ్బాసియాలో కొందరికి నా అసలు పేరు తెలియదు.

ఆ సీసాని కాపాడింది మా ఆఫీసులో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. డబ్బా ట్యూనా, మయొనేజ్, ఉడికిన గుడ్డు కలిపి, అందులో ఒక్క చెంచా రెలిష్ వేసింది. ఖుబ్బూస్ రొట్టెలో చుట్టి నా చేతికిచ్చింది. కొరికితే ట్యూనా మెత్తదనం మధ్య దోసముక్క కరకర, ఒక పులుపు, వెనకే సన్నగా తీపి. ఇదా నేను తాలింపు పెట్టింది! ఇంటికెళ్లి అదే రెలిష్ మయొనేజ్‌లో కలిపి, నిమ్మకాయ పిండి, జుబైదీ వేపుడికి అద్దుకుని తిన్నాను. జుబైదీ అంటే మరేం కాదు, మన చందువే. ఇక్కడివాళ్లకి దానిమీద మనకి పులసమీదున్నంత ప్రేమ.

అప్పుడు తట్టింది, తప్పు రెలిష్‌ది కాదు, నాది. మన భాషలో కలుపుకునేది వేరు, నంజుకునేది వేరు, అద్దుకునేది వేరు. కంచంలో ఏది పడ్డా ఈ మూడింట్లో ఎక్కడిదో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆ కళ్లతో చూస్తే కువైటీల భోజనం కూడా ఇట్టే అర్థమైపోయింది. మసాలా అన్నం మజ్బూస్ పక్కన ఇచ్చే టమాటా, వెల్లుల్లి దక్కూస్ కలుపుకునేది. పులుపులో ఊరిన కూరగాయ ముక్కల తుర్షీ నంజుకునేది. ఇరాకీల అంబా అయితే మామిడికాయే, పసుప్పచ్చగా జారుగా ఉంటుంది, రొట్టెకి పూసుకునేది. ఆ పేరు మరాఠీ ఆంబాయే. అసలు కువైటీలే ఊరగాయని ఆచార్ అంటారు. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే మరి. పడవల్లో బియ్యం, మసాలాలు, టేకు దిగిన రేవులో మాట కూడా దిగకుండా ఉంటుందా? ఆవపిండి వేసి పెట్టే ఇంగ్లీషువాళ్ల ఊరగాయ పికలిల్లీ మాత్రం తక్కువ తిన్నదా? 18వ శతాబ్దపు వాళ్ల వంట పుస్తకాల్లో దాన్నే ఇండియన్ పికిల్ అని రాసుకున్నారు. జమియాలో ఆవాలు చూసి చుట్టరికం కలుపుకోవడంలో నేను మరీ అంత తప్పు చెయ్యలేదన్నమాట.

ఆ మధ్య బీపీ చూసిన డాక్టరు ఊరగాయ మానెయ్యమన్నాడు. అప్పుడు రెలిష్ సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. పెద్ద చెంచాకి ఇరవై కేలరీలు, నాలుగైదు గ్రాముల పిండిపదార్థం, అందులో ఎక్కువ చక్కెరే, సోడియం 120 మిల్లీగ్రాముల చిల్లర. పీచు, విటమిన్లు ఉన్నాయంటే ఉన్నాయి. వెనిగర్‌లో వేసి వేడిచేసి సీసాకి పట్టింది కాబట్టి పెరుగులో ఉండే మంచి క్రిములు ఇందులో వెతకొద్దు. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గిద్దెలతో ఉప్పు కొలిచి ఆవకాయ కలిపే మా అమ్మకి ఈ సంగతి నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. చెంచాకి చెంచా పోలిస్తే ఒంటికి రెలిషే నయం. కానీ రెలిష్‌ని ఎవరైనా చెంచాతో ఆపగలరు, ఆవకాయని ఆపలేం. రెలిష్ ఇంకోదాని పక్కన బతికేది. ఆవకాయకైతే అన్నమే పక్కవాద్యం.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపులో రెలిష్ సీసా ఎప్పుడూ ఉంటుంది. పక్కన ఆవకాయ సీసా కూడా ఉంది, ఖాళీది. కడగలేదు. ఈ వేసవి సెలవుకి రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు వెళ్లి వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక్క కిలో తెచ్చిపెట్టండి బాబూ. కొత్తావకాయ, టెంకున్న ముక్కలు. తెల్లచొక్కాల మధ్య పెట్టినా నాకు అభ్యంతరం లేదు.