మట్టి అంటకుండా వ్యవసాయ డిప్లొమా

పదో తరగతి గట్టెక్కింది. ఎంపీసీలో చేరేంత మార్కులు లేవు, ఇంట్లో మాత్రం నాలుగెకరాల మెట్ట ఉంది. ఇట్లాంటి పిల్లవాణ్ణి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేర్పించమని ఎవరో ఒక మేనమామ తప్పకుండా చెబుతాడు. చేర్పించండి. రెండేళ్ల కోర్సు, సర్టిఫికెట్ మీద ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ముద్ర. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఈ డిప్లొమా ఉన్నవాళ్లూ వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలకు అర్హులయ్యారు. చదివేది ఆ ఉద్యోగం కోసమే. మధ్యలో సేద్యం కూడా నేర్చుకుందామనే దురాశ పుట్టకుండా కాపాడుకోవాలి. కర్నూలు, కడప పిల్లలకు అందుకు పనికొచ్చే ఉపాయాలు కొన్ని చెబుతాను, వినండబ్బీ. అమ్మాయిలూ వినండి, క్లాసులో ముందు వరుస మీదే కదా.

మొట్టమొదట వరి బట్టీ పట్టు. నారుమడి కొలతలు, నాటిన మడిలో రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల నీరు నిలపడం, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మీ ఊరు ఆలూరు పక్కనో, పత్తికొండ పక్కనో, చక్రాయపేట పక్కనో అయితే మరీ మంచిది. కేసీ కాలువ కిందివాళ్లంటే సోనా బియ్యం పండిస్తారు, వాళ్లకు ఆ నీళ్ల లెక్క ఎట్లాగూ తెలుసు. వాన కోసం మొగులు చూసే రైతుకు చెబితేనే నువ్వు చదువుకున్నోడివని నమ్ముతాడు.

ఇక మట్టి నమూనా. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఎక్కువ కష్టపడిపోయేది ఇక్కడే. పుస్తకం ఏమంటుందంటే, చేనంతా అడ్డదిడ్డంగా తిరిగి ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల గుంత తీయాలట. గుంత గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమంగా ఒక పొర గీకాలట. అంతా గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా ఇదే పని చేయాలట. ఆ అరకిలోను నీడన ఆరబెట్టాలట. మే నెలలో నీడ ఎక్కడుంది నాయనా? గట్టు మీద వేపచెట్టు కింద ఉంది. కాబట్టి మట్టి కూడా అక్కడే తీసేయి. పక్కన ఎరువు దిబ్బ ఉంటే ఇంకా మేలు, రిపోర్టులో సేంద్రియ కర్బనం కళకళలాడుతుంది. ఆ రిపోర్టు చూసి రైతు ఎరువు తగ్గించుకుంటే, పంట దెబ్బతింటే, వర్షాభావం అనే మాట మన జిల్లాల్లో ఏ తప్పునైనా మోస్తుంది.

మట్టి మీద నిజంగా మనసు పడితే తొలకరికి జొన్నగిరికి పో. తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో మొదటి వానలు పడగానే ఎక్కడెక్కడి జనమో వజ్రాలు వెతుకుతూ వంగి నడుస్తుంటారు. మట్టిని అంత శ్రద్ధగా చూసే మనుషులు ఏ కాలేజీలోనూ కనపడరు. రాయి దొరికితే డిప్లొమాతో పనిలేదు. దొరక్కపోతే ఎర్ర నేలల ఉనికి, స్వభావం అని రెండు పేజీలు రికార్డులో రాసుకోవచ్చు. అప్పుడే విత్తనం వేసిన చేను తొక్కుతున్నావని ఎవరైనా కేకలేస్తే, నేను అగ్రికల్చర్ స్టూడెంటునని చెప్పు.

నంద్యాల పరిశోధన స్థానం వైపు మాత్రం పోవద్దు. 1906 నుంచి అక్కడ ఉన్న ఆ స్థానంలో చూడ్డానికి మరీ ఎక్కువ ఉంది. సూర్యనంది అనే కొర్ర అక్కడిదే. నల్లరేగడి శనగకు కోత కూలీలు దొరక్క రైతులు అల్లాడుతుంటే, మొక్క పొట్టిగా ఉండి మిషన్‌కు అందడం లేదని నిటారుగా, ఎత్తుగా పెరిగే ‘ధీర’ రకం తెచ్చింది కూడా వాళ్లే. ఇదంతా దగ్గర నుంచి చూస్తే ప్రశ్నలు పుడతాయి. ప్రశ్నలు పుట్టిన పిల్లలు అగ్రిసెట్ రాసి మహానంది కాలేజీలో బీఎస్సీ అంటారు, ఆ తర్వాత ఎమ్మెస్సీ అంటారు, చదువు తెగదు. నీకెందుకు? ‘ధీర, ఎన్‌బీఈజీ 47’ అని రాసుకో, ఒక మార్కు. ఊటుకూరు, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాలకు కాలేజీ బస్సులో తీసుకుపోతే బోర్డు ముందర ఫొటో దిగి బస్సెక్కేయి.

ఇంట్లో అవ్వతో జాగ్రత్త. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలిన చెయ్యి ఆమెది. పిడికిలి ఎంత సడలిస్తే సాలులో గింజకూ గింజకూ ఎంత ఎడం వస్తుందో ఆమెకు తెలుసు. వాన వెలిసినాక పిడికెడు మట్టి నొక్కి చూసి, పదునుందో లేదో, గుంటక ఈరోజు తోలాలో రేపు తోలాలో చెప్పేస్తుంది. ఆమె దగ్గర కూర్చుంటే నీ పుస్తకంలోని విత్తన మోతాదు, మొక్కల సాంద్రత, నేల తేమ అన్నీ ఉత్తినే అర్థమైపోతాయి. పరీక్షలో మాత్రం అవ్వ మాటకు మార్కుల్లేవు.

బుడ్డలకు, అంటే వేరుశనగకు, పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని పాఠం చెబుతుంది, ఊడలు దిగే చోట కాల్షియం అందాలని. రేపు ఉద్యోగంలో చేరినాక రైతుకు నువ్వు యూరియా చెప్పు. చేను రోడ్డు మీదికే పచ్చగా కనపడుతుంది. కాయ వలిచి గింజ నిండిందో లేదో చూసేనాటికి నీకు బదిలీ అయి ఉంటుంది.



ఉద్యోగం వచ్చినాక ఈ-పంట నమోదుకే పొద్దు సరిపోతుంది. అయినా ఏ రైతో పత్తి ఆకు పట్టుకుని రైతు సేవా కేంద్రం మెట్లెక్కుతాడు. ‘ఫొటో తీసి గ్రూపులో పెట్టన్నా, సైంటిస్టుకు పంపుతా’ అను. ఆకును మాత్రం వెనక్కి తిప్పి చూడొద్దు. పురుగు ఉండేది అక్కడే. చూశావంటే పేరు చెప్పాల్సి వస్తుంది.