డమ్మీ పాటి చేయని నేను

బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటున్నాను. బిస్కెట్లు అయిపోయి ఏళ్లయింది. ఇప్పుడందులో సూదులు, దారపు రీళ్లు, చొక్కా గుండీలు, సన్నమూతి నోకియా చార్జరు, ఏ బండిదో తెలియని తాళంచెవి, వీటన్నిటి అడుగున నేను. సూదులకైనా నెలకోసారి పని పడుతుంది. తాళంచెవి చేతికి తగిలితే "ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటారు. నన్ను చూసి ఆ మాటైనా అనరు.

నేను వైర్‌లెస్ కార్డుని. ల్యాప్‌టాప్ పక్కనుండే చీలికలో దూర్చే పాతకాలపు రకం. ఇంటిపేరు పీసీఎంసీఐఏ. 1989లో పెట్టిన ఒక సంఘం పేరులోని తొలి అక్షరాలవి. కంప్యూటర్ వాళ్ల పొట్టిపేర్లు మనుషులకు గుర్తుండవని నిరూపించడానికే ఆ పేరు పెట్టారని అమెరికాలో హాస్యమాడేవాళ్లట. పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54, అంటే సరిగ్గా ఏటీఎం కార్డంత. మందం 5. మూతికి 68 సన్నటి రంధ్రాలు. వెనక మాత్రం నల్లటి ప్లాస్టిక్ మూపురం ఒకటి ఉంటుంది. నా యాంటెన్నా అందులోనే. ఒళ్లంతా ల్యాప్‌టాప్‌లోకి దూరినా ఆ మూపురం బయటే ఉండాలి, లేకపోతే నాకు వినబడదు. నేను పడ్డ దెబ్బలన్నీ ఆ బయటికున్న అంగుళం మీద పడ్డవే.

పుట్టుక గురించి చెప్పడానికేమీ లేదు. నాలాంటి వేలమందితో పాటు ఒక ఫ్యాక్టరీ బెల్టు మీద నడిచొచ్చాను. నా కథ మొదలైంది 2006లో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో. అందరూ సీటీసీ అంటారు. మెట్ల కింద కూడా మదర్‌బోర్డులు అమ్మే చోటు.

మా మాస్టారు తెలుగు లెక్చరరుగా రిటైరై నల్లకుంటలో ఉంటున్నారు. డాలస్‌లో ఉన్న కొడుకు సంక్రాంతికి వచ్చి, తనకు పాతబడ్డ ల్యాప్‌టాప్‌ని తండ్రికిచ్చి వెళ్లాడు. 2001 నాటిది. పెంటియం త్రీ, 256 మెగాబైట్ల మెమరీ, వైఫై లేదు. దాని చీలికలో దుమ్ము పోకుండా కంపెనీవాళ్లే పెట్టిన ప్లాస్టిక్ ముక్క ఒకటుంది. డమ్మీ అంటారు. నా కొలతలే, నా ఆకారమే. లోపల మాత్రం ఏమీ లేదు, ఉత్త డొల్ల. మాస్టారి మేనల్లుడు ఆ డమ్మీని బయటికి లాగి చొక్కా జేబులో వేసుకుని మామయ్యతో కలిసి షాపుకొచ్చాడు. పెళ్లికూతురి చేతి కొలతకు పాతగాజు పట్టుకొచ్చినట్టు.

"54 కావాలా, 108 కావాలా సార్?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"108 అంటే అంబులెన్సు గదయ్యా?" అన్నారు మాస్టారు.

కుర్రాడు నవ్వలేదు. 108 డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. అప్పుడు వెనక స్టూలు మీద కూర్చుని ఏదో అతుకుతున్న రిపేరాయన తలెత్తాడు. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, డమ్మీని తిప్పి చూసి, "ఇది సైజు మాత్రమే చెబుద్ది సార్. మీ స్లాటు 16 బిట్లదా, 32 బిట్లదా అన్నది చెప్పదు. ల్యాప్‌టాప్ ఏ సంవత్సరంది?" అని అడిగాడు.

ఆ మనిషి మీద నాకు ఈరోజుకీ గౌరవం. ఎందుకంటే బయటికి ఒకేలా కనిపించే చీలికలు రెండు రకాలు. పాతవి 16 బిట్లవి, 5 వోల్టులతో నడుస్తాయి. తర్వాత వచ్చిన కార్డ్‌బస్ 32 బిట్లది, 3.3 వోల్టులది. నాలాంటి కార్డ్‌బస్ వాళ్లను గుర్తుపట్టడం తేలిక, మూతి దగ్గర బుడిపెలున్న బంగారు రంగు పట్టీ ఉంటుంది. మేము పాత చీలికలోకి పోకుండా అంచున ఒక గాడి కూడా పెట్టారు. ఆ గాడిని లెక్కచేయక అరచేత్తో గుద్ది దూర్చేవాళ్లూ ఉన్నారనుకోండి. పిన్నులుండేది ల్యాప్‌టాప్ లోపల, నాకుండేవి రంధ్రాలే. ఒక్క పిన్ను వంగిందా, ఎన్ని కొత్త కార్డులు తెచ్చినా ఆ చీలిక ఇక అంతే.

పెంటియం త్రీ అని వినగానే "అయితే కార్డ్‌బస్సే" అన్నాడాయన. మేనల్లుడు యూఎస్‌బీ డాంగిల్ తీసుకుంటే పోదా అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పాత 1.1 రకమని, సెకనుకు 12 మెగాబిట్లు దాటదని, దానికి 54 డాంగిల్ పెట్టడం దండగని ఆయన కొట్టేశాడు. మాస్టారింటి బ్రాడ్‌బ్యాండ్ 256 కిలోబిట్లు. దానికి 12 మెగాబిట్లే ఎక్కువ కదా అని అక్కడెవరూ అడగలేదు. అడిగుంటే నా అమ్మకం పోయేది కాబట్టి నేనూ ఊరుకున్నాను. నల్లా సన్నగా కారుతుంటే నాలుగంగుళాల పైపు కొన్నట్టయింది బేరం.

అసలు మెళకువ చివర్లో చూపించాడు. అరలో నా పక్కనే మా అన్న ఉన్నాడు. అదే పేరు, అదే నంబరు, అదే బొమ్మ. రిపేరాయన రెండు పెట్టెలూ వెనక్కి తిప్పి, కింద చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్న రివిజన్ చూసి నన్ను తీశాడు. పేరు మార్చకుండా లోపలి చిప్పు మార్చేయడం మా లోకంలో మామూలే. ఏ డ్రైవరు పలుకుతుందో, ఏ తాళం పడుతుందో తేల్చేది ఆ చిప్పే. పెట్టె మీద పెద్దంకెల్లో వేసిన వేగం కాదు. మా అన్నను ఎవరు కొన్నారో, వాళ్లు డ్రైవరు కోసం ఎన్ని రాత్రులు వెతుక్కున్నారో!

ఇంటికి రాగానే మొదటి అవమానం. నా మూతి మీదే స్టిక్కరు అంటించారు, ముందు సీడీ వేయండి, తర్వాతే కార్డు పెట్టండి అని. మేనల్లుడు స్టిక్కరు పీకేసి నన్ను పెట్టాడు. విండోస్ నన్ను చూసి ఎవరో తెలియదంది. సీడీ వేసి మళ్లీ మొదలుపెట్టేసరికి రాత్రి పదకొండు. పైగా సీడీలోంచి దిగిన మా కంపెనీ మేనేజరు, అంతకుముందే ఉన్న విండోస్ ఎక్స్‌పీ మేనేజరు, ఇద్దరూ నా మీద పెత్తనానికి తయారు. ఒక ఒరలో రెండు కత్తులు. ఒకరు కలిపిన కనెక్షన్‌ని ఇంకొకరు తెంచేవారు. నేను చెడ్డదాన్నని ఆ వారమంతా తిట్టారు. ఒకరిని ఆపేశాక మాట పడ్డం ఆగింది.

తర్వాత మంచి రోజులు. అప్పట్లో ఉదయం 8 గంటలకు తత్కాల్ తెరుచుకునే వేళ మాస్టారు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. గౌతమికి రాజమండ్రి టికెట్ దొరికినరోజు "శభాష్" అని ల్యాప్‌టాప్ మూత తట్టేవారు. ఆ శభాష్‌లో సగం నాది. లేఖినిలో తెలుగు టైపు చేయడం నేర్చుకుని, చదువుకున్న రోజుల సంగతులు రాసి పాత విద్యార్థులకు పంపేవారు. ఆ ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ నా మూపురం మీదుగా గాల్లోకెక్కినవే.

ఆ గాలి కూడా ఊరికే రాలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని మన ప్రభుత్వం పూర్తిగా వదిలేసింది 2005 జనవరిలోనే. ఉచితం కాబట్టి అందరూ అక్కడే. అమ్మగారు కొన్న మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 దగ్గరే కూస్తుంది. ఆవిడ అప్పడాలు పెట్టినప్పుడల్లా నాకు చెవులు గింగుర్లెత్తేవి. "నీ అప్పడాల వల్ల నా ఉత్తరం ఆగిపోయిందే" అని మాస్టారంటే, "మీ ఉత్తరాలకంటే అప్పడాలే నయం" అని ఆవిడ. మేనల్లుడు రూటర్‌ని ఆరో చానల్ నుంచి ఒకటికి మార్చాక కాస్త తెరిపి. చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో పెట్టె తెరిచిన నాటి ఆరే ఉండేది. మారిస్తే ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడే ఒకదాని మీదొకటి పడనివి. ఇంతా చేసి రూటర్‌ని పెట్టింది ఎక్కడ? ఇనుప బీరువా వెనక. దుమ్ము పడదని. ఇనుము దాటి వినడానికి నేనేమైనా దేవుణ్ణా? సిగ్నల్ రెండు గీతలే వస్తే "కార్డు వీక్" అనేవారు.

తాళం సంగతి చెప్పాలి. మొదట పెట్టింది వెప్ అనే తాళం. దానికి సున్నా నుంచి తొమ్మిది అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే కలిపి పది కావాలి. "ఇందులో ఒక్క తెలుగు మాటా పట్టదేమిటిరా?" అని విసుక్కుని, సరిగ్గా పదంకెలే కదా అని మాస్టారు తన సెల్ నంబరే ఇచ్చేశారు. ఆ నంబరు వీధి మొత్తానికి తెలుసు. పక్కింటి కుర్రాడు రెండోరోజే దూరాడు. నిజానికి నంబరు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ తాళం కట్టుడులోనే లోపముందని 2001లోనే బయటపడింది. 2007లో జర్మనీ పరిశోధకులు నిమిషం లోపలే తీసి చూపించారు. మాస్టారికి ఇదంతా తెలియదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల మెయిల్ నవీ ముంబైలో ఎవరి ఇంటిదో తాళం లేని వైఫై మీదుగా వెళ్లిందని పేపర్లో చదివిన రోజున మాత్రం మేనల్లుడికి మూడుసార్లు ఫోన్ చేశారు. అప్పుడు డబ్ల్యూపీఏ2 పెట్టారు. ఎక్స్‌పీకి ఒక అప్‌డేటు వేయగానే కొత్త తాళాన్ని నేను తడబడకుండా పట్టాను. నా వయసు కార్డులు కొన్నిటికి అది చేతకాలేదు. రిపేరాయన చూసిన ఆ రివిజన్ పుణ్యం.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలింది. ఆ వేసవిలో మాస్టారి మనవరాలు, కూతురి కూతురు, ఇంజనీరింగ్ సెలవులకొచ్చి ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ ఎక్కించింది. "తాతయ్యా, ముందు మీ కార్డు ఎవరో చూద్దాం" అని నల్లటి తెర తెరిచి ఒక ఆజ్ఞ కొట్టింది. తెర మీద వరసగా పేర్లొచ్చాయి. "అథెరోస్ ఏఆర్2413" అని పైకి చదివింది. ఎనిమిదేళ్లలో నా అసలు పేరు చదివిన మొదటి మనిషి. "అదృష్టం తాతయ్యా, దీని డ్రైవరు కెర్నెల్లోనే ఉంది" అంది. ఒకప్పుడు మాలో కొందరు లినక్స్‌లో పలకాలంటే విండోస్ డ్రైవరునే అరువు తెచ్చి తొడిగేవారు. నాకు ఆ వేషం అక్కర్లేకపోయింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఇంకో మూడేళ్లు పనిచేశాను.

2017లో ఇంటికి ఫైబర్ వచ్చింది. బిగించడానికొచ్చిన కుర్రాడు కొత్త రూటర్ పెట్టి, "పాత డివైస్‌లు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. అమ్మగారు చేతిలోని ఫోన్ చూపించారు. మాస్టారు గుడికి వెళ్లారు. నేను మూడడుగుల దూరంలో ల్యాప్‌టాప్‌లో ఉన్నాను, దీపం వెలుగుతూనే ఉంది. కుర్రాడు సెట్టింగ్‌లో ఒక గడి మార్చి "ఎన్ మాత్రమే" అని పెట్టి వెళ్లిపోయాడు. నేను దానికి ముందుతరం, జి రకం. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంటి నెట్‌వర్క్ పేరు నాకు కనబడుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. తాళం తెలిసీ గుమ్మం బయటే.

కుర్రాడి లెక్క పూర్తిగా తప్పని అనను. గాలి ఒక్కటే, వంతులవారీగా మాట్లాడుకోవాలి. నెమ్మదిగా మాట్లాడేవాళ్లు అదే మాటకు ఎక్కువసేపు గాలిని పట్టుకుంటారు, మిగతావాళ్లు ఆగాలి. నా 54లో నిజంగా చేతికందేది ఇరవై చిల్లరే. కానీ ఒక గడి. ఆ ఒక్క గడి వెనక్కి తిప్పితే చాలు. మాస్టారు రెండురోజులు ప్రయత్నించి, "ముసలిదైపోయింది" అని నన్ను లాగేశారు. కొడుకు కొత్త ల్యాప్‌టాప్ పంపాడు. దానికి నేను దూరే చీలికే లేదు.

పాతది బీరువా మీదికెక్కింది. ఎక్కించే ముందు, ఖాళీ చీలికలోకి బొద్దింకలు పోతాయని అమ్మగారు సొరుగంతా వెతికి డమ్మీని తెచ్చి అందులో పెట్టారు. టక్కుమని కూర్చుంది. పదకొండేళ్లు వాన రాత్రులూ కరెంటు కోతలూ కాచిన నేను సూదుల డబ్బాలోకి. ఒక్క బిట్టు మోయని డమ్మీ నా చోట్లోకి.

మొన్న వీధిలో పాత సామాన్ల తోపుడుబండి వచ్చింది. ఈ-వ్యర్థాలకు 2012 నుంచి నిబంధనలున్నాయి, అయినా గుమ్మం దాకా వచ్చేది ఆ బండే. అమ్మగారు గుండీ కుడుతున్నారు కాబట్టి డబ్బా మూత తీసే ఉంది. మాస్టారు ల్యాప్‌టాప్‌ని దించి, పంచె చెంగుతో దుమ్ము తుడిచి, కాసేపు అలాగే పట్టుకున్నారు.

"దీనికి ఒక కార్డుండాలే," అన్నారు. "అది కూడా ఇచ్చేద్దాం, ఒంటరిగా దేనికి? ఎక్కడ పెట్టావు?"

అమ్మగారు సూది పళ్ల మధ్య పట్టుకుని, ల్యాప్‌టాప్ పక్కన వేలితో తడిమి చూశారు.

"అందులోనే ఉందిగా."