ఒకటిన్నర మిల్లీమీటర్లు

నేను డెర్మారోలర్‌ని. పిడికి తగిలించిన చిన్న చక్రం, దాని నిండా వందల కొద్దీ సన్నని సూదులు. పచ్చబొట్లు పొడిచే మిషన్ నా పూర్వరూపాల్లో ఒకటి. 1997లో కామిరాండ్, డూసెట్ అనే వైద్యులు దాన్ని రంగు లేకుండా మచ్చల మీద నడిపి, మచ్చలు మెరుగుపడుతున్నాయని రాశారు. ఇప్పటి చక్రం రూపం కేప్‌టౌన్ ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ చలవ. అమ్మేవాళ్లు నన్ను మసాజ్ సామానులా చూపిస్తారు గానీ నా పని గాయం చేయడమే. ఆ గాయాన్ని మాన్పుకునే క్రమంలోనే చర్మం కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కొత్తగా తయారు చేసుకుంటుంది.

జుట్టు విషయంలో నాకు పేరు తెచ్చింది 2013లో ముంబై వైద్యులు ప్రచురించిన పరిశోధన. బట్టతల మొదలైన వంద మంది మగవాళ్లలో సగం మందికి 12 వారాలు మినాక్సిడిల్ అనే జుట్టు మందు ఒక్కటే ఇచ్చారు, మిగతావాళ్లకు దానితోపాటు వారానికోసారి నన్ను వాడారు. కొలత కోసం గుర్తు పెట్టిన చోట మొదటివారిలో సగటున 22 వెంట్రుకలు పెరిగితే రెండోవారిలో 91 పెరిగాయి. ఆ ఫలితం చూసి చాలామంది నన్ను ఇంటికి తెచ్చుకుంటున్నారు. కానీ అక్కడ వాడిన సూది పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, నడిపింది వైద్యులు. ఇంట్లో వాడుకోమని అమ్మే నా సూదులు చాలావరకు అంతకన్నా పొట్టివే. అవి చర్మం పైపొరలో దారులు తెరుస్తాయి, అడుగున కొల్లాజెన్ పుట్టే చోటిని గట్టిగా తాకవు. పొడవు సూదులతో దొరికిన ఫలితాన్ని పొట్టి సూదుల ఖాతాలో వేయడం తప్పు. పొడవు సూదులను ఇంట్లోకి తేవడం అంతకన్నా పెద్ద తప్పు.

క్లినిక్‌లో ఒక్కో సిట్టింగ్‌కు వేలు అవుతాయి, నేను వందల్లోనే దొరుకుతాను. ఆ ఇబ్బంది నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. అయితే మినాక్సిడిల్‌కు నేను తోడు లేకపోయినా పనిచేసే గుణముంది, దానికి సూది అక్కర్లేదు. ఇంట్లో నన్ను వాడేవాళ్లు స్పిరిట్‌లో ముంచి వాడుతున్నాం కదా అంటారు. స్పిరిట్ చాలా క్రిములను చంపుతుంది, కానీ అన్నిటినీ కాదు. సూదుల మధ్య ఎండిన నెత్తుటిని అది వదిలించదు. అందుకే అక్కాచెల్లెళ్లు కూడా నన్ను పంచుకోకూడదు, హెపటైటిస్ బి నెత్తుటి ద్వారా కూడా పాకుతుంది. నేను తెరిచిన దారిలో మందే కాదు, సీరంలోని ప్రతి పదార్థమూ లోపలికి పోతుంది. సూదులు పొడిచిన చర్మానికి విటమిన్ సి సీరం రాయడంతో ముఖంపై గడ్డలు లేచిన మహిళల కేసులు 2014లో అమెరికా వైద్యపత్రికలో వచ్చాయి.

లేజర్ వేడి పడని చామనఛాయ చర్మానికి వైద్యులు తరచూ నన్నే ఎంచుకుంటారు, అది నాకు గర్వం. అదే చర్మాన్ని ఇంట్లో మోతాదు మించి రుద్దితే నల్ల మచ్చలు మిగులుతాయి. చీముపట్టిన మొటిమల మీద నడిపితే ఇన్ఫెక్షన్ పక్కకు పాకుతుంది. కెలాయిడ్ (గాయం చోట ఉబ్బే మచ్చ) లేచే గుణమున్నవారికి నేను అసలే పనికిరాను. ఇక నేను ఒక్కసారి నేల మీద పడ్డా సూదికొన వంగిపోవచ్చు. ఆ వంపు కంటికి ఆనదు, తర్వాతిసారి చర్మాన్ని గుచ్చకుండా గీరుతుంది.