ఎలకల కాపరి

అమెరికాలో డిగ్రీ చేతికొచ్చి, న్యూరోసైన్సు పీహెచ్‌డీ సీటు ఇంకా చేతికందని కుర్రవాణ్ణి 'పోస్ట్‌బ్యాక్' అంటారు. విద్యార్థి అందామా, ఫీజు కట్టడు. శాస్త్రవేత్త అందామా, పరిశోధనాంశం తనది కాదు. మెడలో బ్యాడ్జీ, ల్యాప్‌టాప్ మీద న్యూరాన్ స్టిక్కరు, వేషానికి మాత్రం లోటుండదు. ఇలాంటివాళ్ళకి ఏడాదో రెండేళ్ళో స్టైపెండిచ్చి పని నేర్పే ఆనవాయితీ బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్)లో పాతదే. మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో చైతన్యం ఎక్కడ నక్కిందో తేల్చేద్దామని వస్తాడు. తీరా వచ్చాక ఎలకల చెవికొసలు కత్తిరించి, డీఎన్‌ఏ తీసి, దేనిలో ఏ జన్యువుందో పట్టీ రాయడంతోనే పొద్దుగూకుతుంది.

ఇంతోటి దానికి రెండేళ్ళు దండగ అనిపిస్తుంది గానీ, అసలు చదువు ఆ చాకిరీలోనే ఉంది. ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచిన ఎలక మెదడుని 40 మైక్రాన్ల మందాన కోస్తే సెంటీమీటరు పొడవుకే 250 ముక్కలు. ఒక్కొక్కదాన్నీ ద్రావణంలోంచి సన్నటి పెయింటు బ్రష్షుతో గాజుపలక మీదికి తేల్చాలి. అది పాలమీద మీగడలా ముడుచుకుపోతుంది. విప్పబోతే చిరుగుతుంది. చిరిగిన చోటే మనకు కావలసిన చోటు. మనవాడు మొదట బ్రష్షుని తిడతాడు, తర్వాత ఎలకని, ఆ తర్వాత మనసులో ప్రొఫెసర్ని. ఏ ఆరో నెలలోనో, ముక్కలకి రంగు అంటకపోతే, నోటుబుక్కు తెరిచి, ద్రావణం కలిపిన తేదీ చూస్తాడు. కాలేజీ ప్రాక్టికల్స్‌లో జవాబు ముందే తెలుసు కనుక ఆ తేదీతో ఎప్పుడూ అవసరం పడలేదు. 'చిన్నప్పటి నుంచీ మెదడంటే ప్రాణం' అని మొదలైన అతని దరఖాస్తు వ్యాసం ఇప్పుడు 'రంగు ఎందుకు అంటలేదంటే' అని మొదలవుతుంది. ఐదారేళ్ళ పీహెచ్‌డీకి మనిషిని తీసుకునేవాళ్ళు నమ్మవలసింది ఆ రెండో వాక్యాన్నే.

ఇదంతా చవక కూలీ అనేవాళ్ళున్నారు. సగం నిజమే. ల్యాబ్ మీటింగులో నోరు విప్పనివ్వక, చివరికి పోస్టరు ముందు తన ప్రశ్నతో నిలబడనివ్వక పంపేస్తే అది ఎలకల కాపలాయే, శిక్షణ కాదు. అంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. ప్రెప్ అనే పోస్ట్‌బ్యాక్ పథకం లాంటి ఏర్పాట్లు సైన్సులో తక్కువగా కనిపించే వర్గాల పిల్లల కోసం పుట్టాయి. తీరా మూడు వేసవులు ల్యాబులో గడిపినవాళ్ళు కూడా పోస్ట్‌బ్యాక్ బాట పట్టేసరికి, అందనివాళ్ళకని వేసిన నిచ్చెన అందరికీ మరో మెట్టయి కూర్చుంది. ఆ మెట్టెక్కుదామన్నా, బెథెస్డా అద్దెలకి స్టైపెండు ఏ మూలకి? తప్పు నేర్పడంలో లేదు. నేర్చుకునే రావాలని పట్టుబట్టే అడ్మిషన్ కమిటీల్లో ఉంది.

డిసెంబరులో దరఖాస్తులు పంపేసరికి మనవాడు చైతన్యం ఊసెత్తడం మానేసి ఉంటాడు. కొత్తగా చేరిన అమ్మాయి ఫ్రిజ్జులో సీసా పెట్టబోతుంటే మాత్రం, తేదీ ఏదమ్మా అని అచ్చం అత్తగారి గొంతుతో అడుగుతాడు.