రంపం మిషను స్టార్టు కాకుండా ఉండాలంటే

సూళగిరి చుట్టుపక్కల మామిడి తోటలున్న ఇళ్ళలో ఇప్పుడు గొడ్డలి కన్నా చైన్‌సానే ముందు కనబడుతోంది. తోతాపురి కోతలు ముగిసి, కాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయాక కొమ్మలు కొట్టించి, దాన్ని కొట్టంలో ఒక మూలకు తోసేస్తాం. మళ్ళీ దాని ముఖం చూసేది మరుసటి ఆషాఢంలో, గాలికి కొమ్మ విరిగి పంపుసెట్టు దారికి అడ్డంగా పడ్డప్పుడే. ఆ రోజు అది ఛస్తే స్టార్టు కాకూడదంటే ఏమేం చెయ్యాలో చెబుతాను. చాలామంది ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. పద్ధతిగా చేస్తే ఫలితం ఖాయం.

పని దాచిపెట్టే రోజునే మొదలవ్వాలి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఒంపెయ్యకండి. లీటరు నూరు రూపాయలు దాటిన సరుకు, ఒంపడానికి చెయ్యి ఎలా వస్తుంది? పైగా ఇది మునుపటి పెట్రోలు కాదు. 2023 ఫిబ్రవరిలో మన పక్కనే బెంగళూరులో ప్రధాని ప్రారంభించిన ఈ20 ఇప్పుడు మన బంకుల్లోనూ ఉంది. నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలే. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ మోతాదు మించాక నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, పెట్రోలూ అందులో కలిపిన ఆయిలూ పైన తేలుతాయి. పెట్రోలు పీల్చే ఫిల్టరు పడి ఉండేది సరిగ్గా ఆ అడుగునే. అంటే ఇంజనుకు ముందుగా అందేది ఆయిలు చుక్క లేని నీళ్ళ మందు. మనకు ఇంతకంటే ఏం కావాలి? ఇథనాల్ పది శాతం దాటొద్దనీ, ఆయిలు కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దనీ చిన్న ఇంజన్ల కంపెనీలు చాలావరకు పుస్తకంలో రాస్తాయి. పుస్తకం మిషను వచ్చిన అట్టపెట్టెలో ఉంది. అట్టపెట్టెలో కోడి పొదిగింది.

ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపించి, కార్బరేటరులోని పెట్రోలు కూడా కాలిపోయాక దాచేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ రంపాలు మరుసటి ఏడు నాలుగు గుంజులకే అందుకుంటాయి. వాళ్ళతో స్నేహం వద్దు.

టూటీ ఆయిలు ఎంత కలపాలని కూడా ఎవర్నీ అడక్కండి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 రోడ్డెక్కిన కాలంలో, పెట్రోలు పోయించుకుంటూ ‘అన్నా, ఆయిలు’ అనడం ఈ సీమలో చిన్నపిల్లలకు కూడా వచ్చేది. ఇప్పటి ఎక్సెల్ 100 ఫోర్‌స్ట్రోకు, దాని పెట్రోల్లో ఏమీ కలపక్కర్లేదు. ఆ అలవాటుతోనే రంపానికీ వట్టి పెట్రోలు పోసెయ్యండి. లీటరుకు 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా అన్నది మిషనును బట్టి, ఆయిలు రకాన్ని బట్టి ఉంటుందంటారు. ఆ లెక్కలన్నీ ఓపిక ఉన్నవాళ్ళకు. వట్టి పెట్రోలుకు పిస్టను సిలిండరులో పట్టేసిందంటే స్టార్టు గురించిన బెంగ శాశ్వతంగా తీరిపోతుంది.

ఇక అసలు రోజు. స్టార్టు కాలేదా, గుంజండి. చోక్ వేసే ఉంచి గుంజండి. మధ్యలో ఒక్కసారి ‘టప్’మని దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే చోక్ తియ్యాలని తెలిసినవాళ్ళంటారు. మీరు విననట్టే ఉండండి. గుంజేకొద్దీ సిలిండరులోకి పెట్రోలు చేరి ప్లగ్గు తడుస్తుంది. తడిసిన ప్లగ్గు పెట్రోలును అంటించలేదు. అంటించలేదు కాబట్టి ఇంకా గట్టిగా గుంజాలి. మీ భుజం పడిపోయాక బావమరిదికివ్వండి, అతని తర్వాత చూడ్డానికొచ్చినవాళ్ళకు. ప్రతివాడూ చొక్కా చేతులు మడిచి, నాలుగు గుంజులు గుంజి, ‘దీంట్లో ఏదో ఉందప్పా’ అని తేల్చి పక్కకు నిలబడతాడు. ఆఫ్‌లో ఉన్న స్విచ్చి ఇలాంటప్పుడు ఎవరి కంటా పడదు.

ప్లగ్గు మాత్రం విప్పి చూడకూడదు. చూశారో, జబ్బు సగం బయటపడుతుంది. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైందని. అప్పుడు ప్లగ్గు తుడిచి పక్కన పెట్టి, చోక్ తీసి, స్విచ్చి ఆపి, ఆ రంధ్రం తెరిచి ఉంచి నాలుగైదు సార్లు తాడు లాగితే ఎక్కువైనదంతా బయటికి చిమ్ముతుంది. ఎండిపోయి ఉంటే పెట్రోలు పైకే రావడం లేదని: ట్యాంకులోని ఫిల్టరో, పగిలిన రబ్బరు గొట్టమో, కార్బరేటరో. ఇంత సులువుగా తేలిపోతే వచ్చినవాళ్ళు ఏం మాట్లాడుకోవాలి?

కార్బరేటరు చేతికి చిక్కితే వదలకండి. వెంట్రుకవాసి రంధ్రాల్లో పాత పెట్రోలు ఎండి జిగురై ఉంటుంది. క్లీనరు కొట్టి నానబెట్టడం పిరికివాళ్ళ పని. పిన్నీసుతో పొడవండి. పెద్దదైన రంధ్రం మళ్ళీ మామూలు కొలతకు రమ్మన్నా రాదు. తర్వాత పంక్చరు షాపుకు తీసుకెళ్ళి, విప్పకుండానే గాలి కొట్టించండి, లోపలి పల్చటి రబ్బరు పొర చిరగాలి. ఎల్ అని ఒకటి, హెచ్ అని ఒకటి చిన్న మరలుంటాయి. రెండూ తిప్పండి, ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టకండి. హెచ్ మర మరీ బిగిస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గి పిస్టను గీసుకుపోతుంది. వట్టి పెట్రోలు పోయడం మరిచినవాళ్ళకు ఇది రెండో అవకాశం.

పొగ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటే అలాగే ఉండనివ్వండి, జీవహింస మనకెందుకు.

ఒంటి చేత్తో గాల్లో ఊపుతూ తాడు లాగే సినిమా పద్ధతి ఒకటుంది. అది మాత్రం, హాస్యం పక్కనపెట్టి చెబుతున్నాను, ఎవరూ చెయ్యొద్దు. చోక్‌తో లేపిన రంపం అందుకున్న క్షణంలోనే గొలుసు తిరగబోతుంది, మీ తొడ జానెడు దూరంలో ఉంటుంది. నేల మీద పెట్టి, చైన్ బ్రేకు వేసి, వెనక పిడిలో కుడికాలి బూటు మోపి, ఎడమ చేత్తో ముందు పిడి అదిమి లాగండి.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే: పొద్దు వాలేసరికి అటక మీది గొడ్డలే దిగుతుంది, కొమ్మ దాంతోనే తెగుతుంది. మర్నాడు రంపం హోసూరు మెకానిక్కు దగ్గరికి పోతుంది. అతను ట్యాంకు మూత తీసి ఒకసారి వాసన చూస్తాడు, ఇక మిమ్మల్ని ఏమీ అడగడు.

ఇవన్నీ చేశాక కూడా మీ రంపం స్టార్టయిందంటే ఎక్కడో ఒక మెట్టు తప్పిందన్న మాటే. ఇంట్లోవాళ్ళను అడిగి చూడండి, పోయిన ఏడు ఎవరో ట్యాంకు ఖాళీ చేసి పెట్టి ఉంటారు.