ఎద్దుకు లాడాలు, కారుకు టైర్లు

"అబ్బా, టైర్లు గుండయిపోయినాయి. నాలుగూ మార్చాల్సిందే" అన్నాడు మా మనవడు, కారు పక్కన గొంతుక్కూర్చుని. కారు మా పెద్దోడిది. 2014లో కొన్న తెల్ల స్విఫ్ట్. నేను కండ్లద్దాలు సర్దుకుని, వంగి, బొటనవేలి గోరు టైరు గాడిలో పెట్టి చూసినాను. గోరు కొంచెం మునిగింది. "ఇంకో ఆర్నెల్లు పోతుంది పోరా" అన్నాను.

వాడు నన్ను వదల్లేదు. గాడి అడుగున అడ్డంగా చిన్న రబ్బరు తిన్నె ఉంటుందట, అది చూపించినాడు. పై రబ్బరు అరిగి అరిగి ఆ తిన్నెతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, టైరు ఆయుసు తీరినట్టు లెక్క. మా టైర్లు ఆ తిన్నెకు వెంట్రుకవాసి ఎత్తులో ఉన్నాయి. డెబ్బై మూడేళ్ల వయసులో, ముప్పై ఏళ్లు కారు నడిపినాక, టైరులో అట్లాంటి గుర్తొకటి ఉంటుందని నాకు తెలియడం అదే మొదలు. మా రోజుల్లో టైరు ఎప్పుడు మార్చాలో టైరే చెప్పేది. లోపలి నూలు బయటికొచ్చి పలకరించేది.

మాది నంద్యాల పక్కన పల్లె. మా నాయనకు కారెక్కడిది, కాడెద్దులుండేవి. లాడాలు కొట్టే సాయిబు ఊర్లోకొస్తే వేపచెట్టు కింద ఎద్దును తాళ్లతో పడగొట్టి, కాళ్లు కట్టి, గిట్టలు చెక్కించి కొట్టించేవాడు. ఎద్దుకు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు లాడాలు. ఎద్దు కుంటేదాకా ఆగిన రైతును ఊరంతా తిట్టేది. ఆ నాయనకు పుట్టిన నేను కారు దగ్గరికొచ్చేసరికి నూలు కనపడేదాకా ఆగినానంటే కారణం ఒకటే. ఎద్దుకు నొప్పి ఉంటుంది, టైరుకు లేదు. పైగా నాలుగు టైర్లంటే నా నెల జీతం.

నేను కారు కొన్నది 1995లో. కర్నూల్లో ఒక డాక్టరు గారు వాడి అమ్మిన మారుతి 800. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి తాళాలిచ్చినప్పుడు దాని ధర 50 వేలకు అటూ ఇటూ. ఆ సంబరం మా ఇంటి గుమ్మం దాకా రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అంతకుముందు కార్లంటే నాకు తెలిసినవి అంబాసిడర్లే. 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉంటూ నంద్యాలలో పోటీ చేసినప్పుడు అన్ని తెల్ల అంబాసిడర్లు ఒక్కచోట చూసినాను. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ సంగతి లోకమంతా చెప్పుకుంది. నాకు మాత్రం ఆ దుమ్ము గుర్తు.

నేను ఆళ్లగడ్డ హైస్కూల్లో పని చేసేవాణ్ణి. మా ఇంటామెది కూడా ఆళ్లగడ్డే. కాబట్టి నా కారు జీవితం చాలావరకు ఆ నలభై చిల్లర కిలోమీటర్ల మధ్యనే గడిచింది. పొద్దున చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, అది దగ్గి, మళ్లీ కొట్టి, మూడోసారికి లేచేది. లేవకపోతే ఎదురింటి పిల్లోళ్లు తోసేవాళ్లు. వాన పడిందంటే నల్లరేగడి బురద రోడ్డు మీదికొచ్చి చక్రాలకు జిగటగా పట్టుకునేది. మే నెలలో శిరివెళ్ల దాటేలోపు టెంపరేచర్ ముల్లు పైకి లేచేది. చెట్టు నీడన ఆపి, బానెట్ ఎత్తి, చల్లారినాక నీళ్లు పోసి కదిలేవాళ్లం. ఆళ్లగడ్డ దగ్గరికొస్తున్నామని రోడ్డు పక్క శిల్పుల ఉలి దెబ్బలు చెప్పేవి. రాతిని చెక్కే చప్పుడు, సైలెన్సర్ పగిలిన మా బండి చప్పుడు ఒకదాన్నొకటి మింగేసేవి.

ఇప్పుడు అదే దారి నాలుగు వరసల రోడ్డు. అప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి. అద్దాలెత్తి ఏసీ పెట్టుకుని ముప్పావుగంటలో పోతున్నారు. ఉలి చప్పుడు వినపడదు. టోల్‌గేటు దగ్గర అద్దం దించే పని కూడా లేకపాయె. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ లేకపోతే రెట్టింపు కట్టమన్నారు కదా, అద్దానికి అంటించిన ఆ చీటీయే డబ్బు కట్టేస్తుంది. ఎవరి ఖాతాలోంచి ఎంత పోయిందో ఇంటికొచ్చినాక ఫోను చెప్తుంది.

ఈ రోడ్డు మాట దగ్గరే నేను మనవడికి ఓడిపోయినాను. "అబ్బా, నువ్వు గుండు టైర్లతో పోయినప్పుడు స్పీడెంత?" అన్నాడు. యాభై. గుంతలుండేవి, ఎద్దులబండ్లుండేవి, గొర్రెల మంద అడ్డమొచ్చేది, అంతకంటే పోనిచ్చిందెవరు? "ఇప్పుడు మా నాయన వంద మీద పోతాడు. రోడ్డేమో నిప్పులగుండం" అన్నాడు. నంద్యాల ఎండ గురించి నాకొకరు చెప్పాల్సిన పని లేదు. 45 డిగ్రీలని పేపర్లో మా ఊరి పేరు ఏటా పడుతూనే ఉంటుంది. వేడి తారు మీద, గాలి తక్కువున్న అరిగిన టైరు ఆ వేగంలో పగిలితే ఏమవుతుందో నేనూ చూసినాను, రోడ్డు పక్కన. మేం గుండు టైర్లతో బతికి బట్టకట్టింది మా గొప్ప కాదు, గుంతల పుణ్యం.

సరేనని టైర్ల అంగడికి పోయినాం. అక్కడ రెండు కొత్త సంగతులు. మొదటిది, టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఎద్దుకు పళ్లు చూసినట్టు! సంతలో మా నాయన ఎద్దు మూతి పైకెత్తి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, పళ్లు కట్టిందా అని చూసి గానీ ధర ఎత్తేవాడు కాదు. నేను ముప్పై ఏళ్లు టైర్లు కొన్నాను, ఒక్కసారి పళ్లు చూడలేదు. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, సన్నగా పగుళ్లొస్తాయి. అంగట్లో రెండేళ్లు మూలన పడున్న సరుకును కొత్తదని చేతిలో పెడతారు. మనవడు నాలుగింటికీ అంకెలు చదివి, ఒకటి వెనక్కిచ్చి మార్పించినాడు. వానిలో మా నాయన కనపడినాడంటే నమ్మండి.

రెండోది నాకింకా మింగుడు పడలేదు. నాలుగుకూ డబ్బు చాలక రెండే వేయిస్తే ఆ కొత్తవి వెనక చక్రాలకు వేయాలట! నేను జన్మంతా ముందుకే వేయించినాను. స్టీరింగు తిప్పేది ముందు, బ్రేకు బరువు పడేది ముందు, కొత్తవి వెనకెందుకు? తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండి తోక తిప్పేస్తుంది, మామూలు మనిషి దాన్ని సరిచేయలేడు. అందుకని మంచి పట్టు వెనకుండాలంట. దీని మీద నేను వాదించలేదు. ఎందుకంటే 1999లో వానాకాలం గిద్దలూరు ఘాట్‌లో, పచ్చర్ల దాటినాక ఒక మలుపులో నా 800 అచ్చం అట్లనే తోక తిప్పింది. బండి గిద్దలూరు వైపు పోతాంటే నేను నంద్యాల వైపు చూస్తా ఉన్నాను. వెనక టైర్లు రీబటన్ చేయించినవి, అంటే అరిగినదాని మీద కొత్త రబ్బరు అతికించినవి. అప్పుడు స్వామి కాపాడినాడని మహానందిలో టెంకాయ కొట్టినాను. తప్పు నాదని ఇన్నాళ్లకు మనవడు చెప్పినాడు.

నైట్రోజన్ గాలి పట్టించమని అంగడాయన అడిగినప్పుడు మాత్రం నేనే గెలిచినాను. మనం పీల్చే గాలిలోనే 78 పాళ్లు నైట్రోజన్. మిగతా 22కు చక్రానికింతని డబ్బు తీసుకుంటారా అన్నాను. "మీరు సైన్సు సారా?" అన్నాడు. తెలుగు సార్నప్పా.

సర్వీసు సంగతి చెప్పకుండా ఉండలేను. మా రోజుల్లో మెకానిక్‌ను మేస్త్రీ అనేవాళ్లం. ఆయన బానెట్ మీద చెవి పెట్టి, స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి ఇంజన్ విని చెప్పేవాడు. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్ది, నోటితో ఊది మళ్లీ బిగించేవాడు. "ఇది ఇంకా నడుస్తుంది సార్, దుబారా ఎందుకు" అనడం ఆయన నోట విన్నాను. ఇప్పుడు ఒక సర్వీసు సెంటర్‌లో బండి వదిలితే ఫోనుకు ఎస్టిమేట్ వస్తుంది. ఇంజన్ డీకార్బనైజింగ్, త్రోటిల్ క్లీనింగ్, అడుగున కోటింగు, ఏసీకి క్రిమిసంహారం. "ఇవన్నీ బండి అడిగిందా, మీరడుగుతున్నారా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, వద్దంటే తీసేస్తాను అంకుల్ అనింది. తీసేస్తే బిల్లు సగమయింది. అడగనివాళ్ల గతేంది? కంపెనీ పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకేం మార్చాలో రాసుంటుంది. ఆ పుస్తకం అందరి ఇండ్లలో డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటుంది. నాకు మాత్రం చదివే జబ్బుంది. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, ఇవి వేళకు మారిస్తే మా స్విఫ్ట్ పన్నెండేళ్లకు కూడా గొంతు మారలేదు. 20 శాతం ఇథనాల్ పెట్రోలొచ్చినాక పాత బండ్లలో రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చంటున్నారు. అది కూడా రాసుకున్నాను.

ఇంత చేసి టైర్లు వేయించుకొస్తే, వారానికే మా పెద్దోడు కారు మారుస్తానన్నాడు! అమ్మే బండికి కొత్త టైర్లేందిరా, ఆ డబ్బు ఎవడిస్తాడు అని నేను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దించినారు, ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటాం అని వాడు. షోరూమోళ్లు ఎక్స్చేంజ్ బోనస్ కలిపి ఒక లెక్క చెప్పినారు. పాత బండ్లు కొని అమ్మే నంద్యాల కన్సల్టెన్సీ పిల్లోడు ఇంటికే వచ్చినాడు.

ఇంతకూ అమ్మకమంటే మా రోజుల్లో ఎట్లుండేదో చెప్పాలి. ఎద్దుల సంతలో తువాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరమాడేవాళ్లు. ధర మూడోవానికి తెలిసేది కాదు, ఎద్దుకున్న అవలక్షణం మాత్రం అమ్మేవాడే నోరు తెరిచి చెప్పేవాడు. "పొడుస్తాది, ఎడమ పక్కకు పోవద్దు" అని. ఎందుకంటే కొన్నోడు పక్కూరోడే, రేపు పెండ్లిలో ఎదురుపడతాడు. నేనూ 2003లో నా 800ని అట్లనే అమ్మినాను, శిరివెళ్ల వైపు కుర్రాడొకడికి. క్లచ్ జారుతుంది, రెండో గేరు పట్టి వేయాలని చెప్పి, 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, సీ బుక్కు చేతిలో పెట్టినాను. బ్రేకినస్పెక్టర్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకు, వాడే మార్చుకుంటాడులే అనుకున్నాను.

వాడు మార్చుకోలేదు. రెండేళ్లకు నా పేరు మీద నోటీసు. ఆ బండి ఒక సైకిలాయన్ను గుద్దింది. బండి నాది కాదంటే కాగితంలో నాదే. ఆ కుర్రాడు మంచోడు కాబట్టి వచ్చి నిలబడి ఒప్పుకున్నాడు, ఇన్సూరెన్సు బతికుంది కాబట్టి బయటపడినాను. ఆర్నెల్లు నిద్ర లేదు. 2018లో సుప్రీంకోర్టు ఇదే మాట తేల్చి చెప్పింది. చేతులు ఎన్ని మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరునుంటే చట్టం కంటికి వాడే ఓనరని. నమ్మకం మీద నడిచిన కాలమని మేం గొప్పలు చెప్పుకునే దాంట్లో ఇదీ ఒక భాగమే.

అందుకని ఈసారి కన్సల్టెన్సీ పిల్లోడిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పేరు మారిన కాగితం చేతికొచ్చేదాకా వదలనని చెప్పినాను. ఇన్సూరెన్సులో క్లెయిము చేయని ఏండ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు, అది మా పెద్దోడి కొత్త కారుకు పోవాలని కూడా చెప్పినాను. అది 50 శాతం దాకా పోతుంది. షోరూముల్లో దాని గురించి మనం నోరు తెరిస్తే గానీ ఎత్తరు.

పిల్లోడు పని తెలిసినవాడే. తలుపుల రబ్బరు పీకి లోపలి వెల్డింగు చూసినాడు, రంగు మీద వేలితో తట్టినాడు. మీటరు తిప్పినారేమోనని పెడళ్ల అరుగుదల చూసినాడు. ఏపీ 21 నంబరు చూసి "కర్నూలు బండి" అన్నాడు. మా ఇల్లు కదల్లేదు, 2022లో జిల్లాయే కదిలింది అన్నాను. కొత్త టైర్లు చూసి కూడా ఏం మాట్లాడలేదు, నేను చెప్పినట్టే. "కొత్తవి చవకైనాయి పెద్దాయనా, పాతవి ఇంకా చవకైనాయి" అని 2 లక్షల 80 వేల దగ్గర ఆగినాడు. వాడెవరికి అమ్ముతాడో తెలియదు. వర్షంలో ఎడమ వెనక అద్దం పైకి రాదని నేనెవరికి చెప్పాలి? వాడికే చెప్పినాను. రాసుకుని 5 వేలు తగ్గించినాడు.

చివర్లో డిక్కీ ఎత్తి స్టెప్నీ బయటికి లాగినాడు. ఆ మాట పుట్టింది బ్రిటన్‌లో, వేల్స్‌లోని లానెల్లి అనే ఊర్లో. 1904లో స్టెప్నీ వీధిలో ఇద్దరన్నదమ్ములు అదనపు చక్రం తయారు చేసినారని ఆ పేరు. ఇప్పుడు కొన్ని కొత్త కార్లలో అది కూడా లేదు, పంచరు కిట్టుతో సరిపెడుతున్నారు. మాది మాత్రం ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. రబ్బరు మీది సన్న వెంట్రుకలు కూడా రాలలేదు, బటన్లు పదునుగా ఉన్నాయి.

"ఇదొక్కటీ కొత్తదే నాయనా, దీనికన్నా ధర కట్టు" అన్నాను.

పిల్లోడు తడిగుడ్డతో గోడ తుడిచి అంకెలు చదివినాడు. 1014. "రోడ్డెక్కలేదు గానీ పెద్దాయనా, పన్నెండేళ్లది. గట్టిపడిపోయింది, పనికిరాదు" అని మళ్లీ లోపల పడేసినాడు.

మా మనవడు నా వైపు చూసి కిసుక్కున నవ్వినాడు.

"నా మొహం చూస్తావేందిరా, డిక్కీ మూయి" అన్నాను.