ద్రవాభిసరణ నిర్వచనమునకు ‘ఊట’ అను వ్యాఖ్య

మూలము: పాక్షిక పారగమ్య త్వచము గుండా అల్పగాఢ ద్రావణము నుండి అధికగాఢ ద్రావణములోనికి ద్రావణి అణువులు చలించుటను ద్రవాభిసరణమందురు.

అవతారిక: ఇది గద్యమే. అయినా బడిపిల్లలు అర్థంతో పని లేకుండా పద్యంలా వల్లె వేస్తారు గనుక టీకకు అర్హమైంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోదానికి హామీ లేదు.

టీక: పాక్షిక పారగమ్య త్వచము – స్పష్టము. (కష్టమైన చోట ఇలా అనేసి ముందుకు నడవడం వ్యాఖ్యాతల ఆచారం. సైన్సు మాస్టార్లదీ అదే.) అల్పగాఢ – పలుచని. అధికగాఢ – చిక్కని. ఈ అర్థాలు పరీక్షలో రాస్తే మార్కు తెగుతుంది గనుక ఇక్కడ చదివి ఇక్కడే మరచునది.

అందురు – కర్త కనబడడు. ఎవరందురు? 1748లో ఫ్రాన్సులో ఆబే నొలే అనే మతాచార్యుడు సారా పోసిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర బిగించి నీళ్లలో ముంచాడు. పొర ఉబ్బింది. 1820లలో ద్యుత్రోషే అనే ఆయన నీరు లోపలికి పోవడానికొక పేరు, బయటికి రావడానికొక పేరు పెట్టాడు. 1877 నాటికి ఫెఫర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిపాత్ర గోడలో రసాయనపు పొర పుట్టించి, నీరు అలా చొరబడేటప్పటి ఒత్తిడిని కొలిచాడు. ఆ కొలతల మీద సిద్ధాంతం కట్టిన వాంట్ హాఫ్‌కు 1901లో రసాయనశాస్త్రపు తొలి నోబెల్ వచ్చింది. ఇంతమందీ మూడక్షరాల ‘అందురు’ కింద సమాధి అయ్యారు.

ఆక్షేపము: నీరు చిక్కని వైపే పోవునా? సమాధానము: కాదు. రెండు వైపులా పోతుంది. అటు ఎక్కువ, ఇటు తక్కువ. మనం చూసేది ఆ తేడానే. మూలకారుడు ఈ సంగతి మింగేశాడు.

విశేషము: మాగాయ. పుల్లటి మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తుతారు. చుక్క నీరు పొయ్యరు. తడిచెయ్యి పెడితే ఇల్లాలు ఊరుకోదు. అయినా మూడోనాటికి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ నీరు మామిడి కణాలది. అంతదాకా అది కణం లోపలినుంచి గోడను నెడుతూ ముక్కను కరకరలాడించింది. (ఆకు కణాల్లో ఈ నెట్టుడు కారు టైరులోని గాలి ఒత్తిడిని మించి ఉంటుంది. గోడ లేకపోతే కణం పగిలిపోతుంది.) బయట ఉప్పు మితిమీరేసరికి నీరు బయటికొచ్చింది, కణద్రవ్యం గోడను వదిలి ముడుచుకుంది, ముక్క వడిలింది. ఆపైన, కణద్రవ్యాన్ని చుట్టి నీటిని పోనిచ్చి ఉప్పును ఆపిన త్వచమూ చస్తుంది, ఉప్పుకిక అడ్డేముంది? ముక్కలు పిండి ఎండబెట్టి మళ్లీ ఊటలో వేస్తే పీల్చుకుంటాయి కదా, అదీ ద్రవాభిసరణమేనా అంటే, కాదు. బతికున్న త్వచం అక్కడ లేదు. ఆ పీల్చడం గోడల పని. ఇక ఆవకాయ ముక్కకు టెంక ఉండి తీరాలా అన్నది మరో మహావివాదం. ఉండాలనే వారిదే సత్పక్షం. టెంక విడిచిన ముక్క నెలలు గడిచేసరికి పచ్చడి అవుతుంది, ముద్దలో కలిపాక వెతుక్కోవాలి...

మూలానికి వద్దాం.

తాత్పర్యము: ‘ఉప్పు వేస్తే ముక్కలోంచి నీళ్లు ఊరతాయి’ అని రాసిన పిల్లకు సున్నా. ‘అందురు’తో ముగించిన పిల్లాడికి రెండు మార్కులు. ఆ రెండు మార్కులవాడే పెద్దయ్యాక గులాబీ మొదట్లో గుప్పెడు యూరియా పోసి, ఆకులు మాడితే నీళ్లు చాలలేదనుకుంటాడు. నీళ్లున్నాయి. మట్టిలో కరిగిన ఎరువు వేరు కన్నా చిక్కనై, ఆ నీటిని వేరుకు దక్కనివ్వలేదు. రొయ్యల చెరువుల ఉప్పు పాకిన చేలల్లో నీళ్లు నిలిచి ఉండగానే వరి ఎండేదీ అందుకే. ఇది తెలియడానికే కదా ఆ పాఠం పెట్టింది? నిర్వచనం నోటికొచ్చినవాడికి ఇది రాకపోతే తప్పు వాడిదా?

ప్రశ్నపత్రం రాసేవారికి ఒక మనవి. ఈసారి ‘నిర్వచింపుము’ కొట్టేసి, ‘మాగాయ జాడీలో నీళ్లెక్కడివి?’ అని అడగండి. జవాబు ఇంటిమాటల్లో రాసినా సరే, రెండు మార్కులూ వెయ్యండి.